గీత అవతల అనలిస్టు: అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో నా రెండు సీజన్లు

2022 ఆగస్టులో డేటా సైన్స్‌లో ఎమ్మెస్ చేయడానికి ఒంగోలు నుంచి అమెరికా వచ్చేనాటికి, ఇక్కడివాళ్లు ఫుట్‌బాల్ అని పిలిచే ఆటలో బంతి ఎక్కువసేపు చేతుల్లోనే ఉంటుందని కూడా నాకు తెలియదు. మరుసటి వసంతంలో మా విశ్వవిద్యాలయ క్రీడా విభాగం వీడియో, డేటా పనికి విద్యార్థి సహాయకుడు కావాలని ప్రకటించింది. మనవాళ్లంతా గ్రంథాలయంలోనో భోజనశాలలోనో పని వెతుక్కుంటుంటే, డేటాబేసుల భాష ఎస్‌క్యూఎల్ వచ్చిన ధైర్యంతో నేను దీనికి దరఖాస్తు చేశాను.

ఇంటర్వ్యూ అంటే ఒక పరీక్షే. ఒక మ్యాచ్‌లో పావు భాగం వీడియో చేతికిచ్చి, బంతి ఆటలోకి వచ్చిన ప్రతిసారీ, అంటే ప్రతి స్నాప్‌కూ, ఎన్నో డౌన్ (పది గజాలు సాగడానికి ఇచ్చే నాలుగు ప్రయత్నాల్లో ఎన్నోది), ఇంకా ఎన్ని గజాలు కావాలి, బంతి మైదానంలో ఏ పక్కన ఉంది, ఏ ఫార్మేషన్ (ఆటగాళ్లు నిలబడే అమరిక), పరుగా పాసా అన్నవి పట్టికలో నింపమన్నారు. అందులో 'పర్సనెల్' అన్న గడి చూసి, జట్టుకు పదకొండు మందే కదా అని అన్ని వరుసల్లోనూ 11 వేసేశాను. ఆ గడిలోని రెండంకెల్లో మొదటిది బంతి పట్టుకుని పరుగెత్తే రన్నింగ్ బ్యాక్‌ల సంఖ్య, రెండోది వరుస చివర నిలబడి ప్రత్యర్థులను అడ్డుకుంటూ పాసూ అందుకునే టైట్ ఎండ్‌ల సంఖ్య అని పరీక్ష పెట్టినాయన నవ్వుతూ చెప్పాడు. మిగతా గడులు శుభ్రంగా నింపినందువల్లనేమో, ఉద్యోగం మాత్రం ఇచ్చాడు.

చేరేముందు నిబంధనల విభాగంలో ఒక పూట కూర్చోబెట్టారు. అమెరికా కాలేజీ క్రీడల సంస్థ ఎన్‌సీఏఏ నిర్వహించే ఏ క్రీడ మీదా పందెం కాయకూడదు, రుసుము కట్టి ఆడే ఫాంటసీ లీగ్ కూడా పందెం కిందికే వస్తుంది. క్రికెట్ ఆ జాబితాలో లేదని తెలిసినా, స్నేహితుల ఐపీఎల్ గుంపులోంచి కూడా నేను తప్పుకున్నాను. అంతకంటే ముఖ్యమైన నిబంధన ఇంకొకటి అప్పట్లో ఉండేది. అగ్రశ్రేణి జట్లలో ప్రధాన కోచ్, పది మంది సహాయక కోచ్‌లు, కొందరు గ్రాడ్యుయేట్ అసిస్టెంట్లు (కోచింగ్ నేర్చుకునే పీజీ విద్యార్థులు) మాత్రమే ఆటగాళ్లకు ఆట నేర్పగలిగేవారు. వీడియో, డేటా చూసే మాలాంటి అనలిస్టులను ఎంతమందినైనా పెట్టుకునే వీలుండేది గానీ వాళ్లు ఆటగాళ్లకు ఒక్క మెళకువైనా చెప్పకూడదు. ఈ వెసులుబాటును అందరికంటే బాగా వాడుకున్నది అలబామా విశ్వవిద్యాలయ జట్టు అప్పటి ప్రధాన కోచ్ నిక్ సేబన్. పదవులు పోయిన ప్రధాన కోచ్‌లను ఆయన అనలిస్టులుగా చేర్చుకునేవాడు. 2016లో అలా చేరిన స్టీవ్ సార్కీసియన్, 2017 జనవరిలో జాతీయ ఫైనల్‌కు ఏకంగా అఫెన్స్ కోఆర్డినేటర్‌గా, అంటే బంతి తమ చేతిలో ఉన్నప్పటి ఆటను నడిపే కోచ్‌గా దిగాడు. అంతటివాడికీ, పర్సనెల్ గడి తప్పు నింపిన నాకూ హోదా పేరు దాదాపు ఒకటే కావడం నాకిప్పటికీ నవ్వు తెప్పిస్తుంది.

పని ఎప్పుడూ ఒక వారం ముందు నడుస్తుంది. కోచ్‌లు ఈ శనివారం ప్రత్యర్థి మీద తలమునకలై ఉండగా మేము వచ్చే శనివారం ప్రత్యర్థి ఆడిన నాలుగైదు మ్యాచ్‌లను, ఒకటి మైదానం పక్కనుంచీ మరొకటి గోల్ వెనకనుంచీ తీసిన రెండు వీడియోలు పెట్టుకుని, స్నాప్ వెంట స్నాప్ విడదీసేవాళ్లం. 2023 అక్టోబరులో నా వల్ల పెద్ద పొరపాటు జరిగింది. కాలేజీ మైదానం వెడల్పు 160 అడుగులు; హ్యాష్ గుర్తులు (స్నాప్‌కు బంతిని పెట్టే చోటుకు హద్దు చూపే చిన్న గీతలు) ఒక్కో అంచు నుంచి 60 అడుగుల దూరంలో ఉంటాయి కాబట్టి, బంతి హ్యాష్ మీద ఉంటే ఒక పక్క 60 అడుగులు, రెండో పక్క 100 అడుగులు మిగులుతాయి. ప్రత్యర్థి ఏ పక్కకు పరుగెత్తడానికి ఇష్టపడతాడన్నది డిఫెన్స్ కోచ్ అడిగే మొదటి ప్రశ్న. కుడి ఎడమలను అఫెన్స్ వైపు నుంచి లెక్కించాలి. నేను రెండు మ్యాచ్‌లకు డిఫెన్స్ వెనకనుంచి తీసిన వీడియోలో తెర మీద కనిపించినట్టే హ్యాష్‌ను నింపాను. దాంతో వెడల్పు పక్కకు పరుగెత్తే జట్టు మా నివేదికలో ఇరుకు పక్క జట్టుగా తేలింది.

మంగళవారం సాయంత్రం ఒక గ్రాడ్యుయేట్ అసిస్టెంట్ అది పట్టుకున్నాడు. రాత్రంతా కూర్చుని సరిచేద్దామంటే, విద్యార్థులకిచ్చే ఎఫ్-1 వీసా మీద సెమిస్టరు నడిచే రోజుల్లో వారానికి 20 గంటలకు మించి క్యాంపస్‌లో పనిచేయకూడదు. ఆ వారం నాకు మిగిలినవి మూడు గంటలే. నా తప్పును ఇద్దరు తోటివాళ్లు దిద్దుతుంటే గదికి వెళ్లిపోవడం తిట్లకన్నా కష్టమనిపించింది. ఫోన్‌లో ఇది విన్న మా అమ్మ, "ఆ బంతాట వాళ్ల దగ్గర నీకేం పనిరా, చదువుకో" అంది. ఆ నెలలోనే మిచిగన్ విశ్వవిద్యాలయ ఫుట్‌బాల్ ఉద్యోగి ఒకరు ప్రత్యర్థి కోచ్‌ల చేతి సంకేతాలు తెలుసుకోవడానికి వాళ్ల మ్యాచ్‌లకు మనుషులను పంపాడన్న ఆరోపణ గుప్పుమంది. ముందుగా వెళ్లి చూసి రావడం 1994 నుంచే నిషిద్ధం. మా గదిలోని ప్రతి వీడియో ఎక్కడినుంచి వచ్చిందో నిబంధనల అధికారి వచ్చి అడిగి రాసుకుని వెళ్లాడు.

ఆ సీజన్‌లోనే ఒక లైన్‌బ్యాకర్ (డిఫెన్స్‌లో ముందు వరుస వెనక నిలబడే ఆటగాడు) నడవాలో నన్ను ఆపి, ఫలానా ఫార్మేషన్‌లో పరుగు ఎటు వస్తుందో ముందే ఎలా తెలుస్తుందని అడిగాడు. జవాబు నా ల్యాప్‌టాప్‌లో ఉంది, కానీ "మీ కోచ్‌ను అడుగు" అనడం తప్ప దారి లేకపోయింది. అతనికి నేను పొగరుబోతులా కనిపించి ఉంటాను.

2024 మేలో చదువు పూర్తయి, చదువయ్యాక పనిచేయడానికిచ్చే అనుమతి, ఓపీటీ కార్డు, చేతికొచ్చి, అదే జట్టులో పూర్తికాలపు అనలిస్టునయ్యాను. జూన్‌లో ఎన్‌సీఏఏ నిబంధన మార్చింది: బయటికి వెళ్లి ఆటగాళ్లను ఎంపికచేసే పని పాత పదకొండు మందికే వదిలి, సాధనలోనూ మ్యాచ్‌లోనూ ఆట నేర్పడానికి అగ్రశ్రేణి జట్ల సిబ్బంది అందరికీ అనుమతి ఇచ్చింది. ఆటగాడి హెల్మెట్‌లోకి కోచ్ మాట వినిపించే ఏర్పాటు కూడా ఆ సీజన్‌లోనే వచ్చింది; స్నాప్‌కు గడువు చూపే గడియారంలో 15 సెకన్లు మిగలగానే, లేదా స్నాప్ పడగానే, అది ఆగిపోతుంది.

ఆగస్టు శిబిరంలో ఆ లైన్‌బ్యాకర్ మళ్లీ అదే ప్రశ్న వేశాడు. పదినెలలుగా దాచుకున్నదంతా హ్యాష్, మోషన్ (స్నాప్‌కు ముందు ఆటగాడి కదలిక), శాతాలతో సహా చెప్పుకుపోతుంటే చెయ్యి అడ్డుపెట్టి, "ముందు ఎవణ్ని చూడాలి, అది చెప్పు" అన్నాడు.

"టైట్ ఎండ్‌ను," అన్నాను.

హెల్మెట్ తగిలించుకుని మైదానంలోకి వెళ్లిపోయాడు.