నీ ఉద్యోగం సంగతి ఎవరడిగారు?

"నీ ఉద్యోగం సంగతి ఎవరడిగారు? ఇవాళ తాగావా లేదా, అది చెప్పు" అన్నాడాయన, తాగుడు మానాలనుకునేవాళ్ల మీటింగ్‌లో, అందరి ముందూ. టైర్ల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన పెద్దాయన. ఒహాయోలోని ఆక్రన్‌లో ఆ వయసువాళ్లు చాలామంది అలాంటివాళ్లే. నేనేమో అప్పటిదాకా మా ప్రాజెక్టు, వీసా టెన్షన్, అర్ధరాత్రి ఇండియా కాల్స్ అన్నీ ఏకరువు పెడుతున్నాను, అవన్నీ ఉన్నాయి కాబట్టే తాగుతున్నానన్నట్టు. మొహం మాడిపోయింది. మన దగ్గరైతే ఎవరో ఒకరు "పోనీలెండి, కొత్తవాడు" అని సర్దిచెప్పేవారు. ఇక్కడ ఒక్కరూ నోరు మెదపలేదు, కాఫీ తాగుతూ కూర్చున్నారు.

వారమంతా రగిలిపోయాను. మళ్లీ వెళ్లకూడదనుకున్నాను కూడా. ఆయనే ఫోన్ చేశాడు. నా మీద అంత శ్రద్ధ ఎందుకండీ అంటే, "నీ కోసం కాదు, నేను తాగకుండా ఉండటం కోసం" అన్నాడు. నాకిది మింగుడు పడలేదు. మన ఇళ్లల్లో ఎవరు మందలించినా "నీ మంచి కోసమే" అంటారు కదా.

ఈ మీటింగులు పెట్టే ఆల్కహాలిక్స్ అనానిమస్, అంటే తాగుడు మానడానికి ఒకరికొకరు తోడుండే తాగుబోతుల సంఘం, మొదలైంది ఈ ఊళ్లోనే, 1935లో. న్యూయార్క్ నుంచి పని మీద వచ్చిన బిల్ అనే ఆయన, ఆ పని కాస్తా బెడిసికొట్టి, హోటల్ లాబీలో బార్ వైపు మనసు లాగుతుంటే, ఫోన్ అందుకుని చర్చివాళ్లకు కాల్ చేశాడట, మాట్లాడటానికి తనలాంటి తాగుబోతు ఒకడు కావాలని. చివరికి దొరికినవాడు బాబ్ అనే సర్జన్. అంటే మొదటిరోజు నుంచీ లెక్క అదే, పెద్దాయన కొత్తగా కనిపెట్టిందేం కాదు.

ఇంటి దగ్గర నాతో ఒట్లు వేయించని వాళ్లు లేరు. అమ్మ తల మీద చెయ్యి పెట్టించింది, మావయ్య పెద్దమనుషుల్ని కూర్చోబెట్టాడు. అందరూ జన్మలో ముట్టనని చెప్పమన్నవాళ్లే, వాళ్లలో తాగి మానినవాడు ఒక్కడూ లేడు. ఇక్కడ అడిగేది ఇవాళ్టి సంగతే. అలాగని మనవాళ్లని తక్కువ చేయను. అయ్యప్ప మాల వేసుకున్న 41 రోజులూ చుక్క ముట్టలేదు, పొద్దున్నే చన్నీళ్లు, తోటి స్వాములు, భిక్ష, భజన, అసలు ఒంటరిగా వదిలిందెవరు? మాల తీశాక మాత్రం ఎవరి దారి వారిదే. ఇక్కడ మాల తీయడమనేది లేదు, అంతే తేడా. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు 1992లో సారా మీద తిరగబడ్డారు, ఆ ఊపు 1995 మద్యనిషేధం దాకా వెళ్లింది, 1997లో సడలించారు. ఆడవాళ్లు ఒక్కటయ్యారు. మగవాళ్లం కలిసి కూర్చుంది తాగడానికే, మానడానికి కాదు. ఇది రాస్తుంటే నాకే గుచ్చుకుంటోంది.

అన్నీ నచ్చాయని కాదు. మీటింగ్ అయ్యాక చేతులు పట్టుకుని క్రైస్తవుల ప్రార్థన చదువుతారు, నేను పెదవులు కదపకుండా నిలబడతాను, ఎవరూ ఏమనరు. ఫీజు లేదు, బుట్ట తిప్పితే డాలరో రెండో వేస్తాం. ఇంటిపేరు అడగరు. మొదట్లో అది కూడా బాధగానే ఉండేది, ఏ ఊరు, ఎవరబ్బాయివి అని అడగకుండా మనిషితో ఎలా మాట్లాడతారు?

మన తెలుగువాళ్ల పార్టీల్లో మాత్రం అన్నీ అడుగుతారు. బేస్‌మెంట్‌లో గ్లాసు వద్దంటే "ఏంటి బాస్, షుగరా?" అంటారు. అవునంటాను. షుగర్ అంటే అయ్యో పాపం అంటారు, ఇంకోటి చెబితే పెళ్లి సంబంధాల దాకా వెళుతుంది.

మొన్న ఒక కుర్రాడు పక్కకు పిలిచి "అన్నా, నిజంగా షుగరేనా?" అని అడిగాడు. కాదని చెప్పి, గురువారం రమ్మన్నాను, నీ కారులోనే రా, నాకు దూరంగా కూర్చో, ఉద్యోగం గురించి మాత్రం చెప్పకు అన్నాను. రాలేదు. శనివారం ఫోన్ చేసి కాసేపు క్రికెట్ మాట్లాడి పెట్టేశాడు.