కరెంటు పెట్టిన దవడ

నాలుక పక్కన క్యాన్సర్ పుండు, ముక్క పరీక్ష, ఆపరేషన్, ఆపైన ఆరు వారాలు దాటిన రేడియేషన్. మా గుంటూరు వైపు దాన్ని కరెంటు పెట్టడం అంటారు. ఆ కథ చాలామంది చెప్పారు, నాదీ అలాగే నడిచింది. నేను చెప్పాలనుకున్నది నాలుగేళ్ల తర్వాత దవడలో మొదలైన దాని గురించి.

కింద దవడ లోపలివైపు, కుడిపక్కన, నాలుకకు ఏదో గరుకుగా తగిలింది. నొప్పి లేదు. అన్నంలో రాయి ఇరుక్కుందేమోనని పుక్కిలించాను, పోలేదు. మావారు సెల్‌ఫోన్ లైటు వేసి చూసి, "పసుపుపచ్చగా ఏదో కనపడుతోంది, దాని పైన కండ లేదు" అన్నారు. అది నా ఎముక.

మళ్లీ వచ్చిందా అన్న మాట ఇంట్లో ఎవరూ పైకి అనలేదు గానీ, ఆ వారం ఎవరికీ ముద్ద దిగలేదు. మళ్లీ ముక్క తీసి పంపారు, స్కాన్ తీశారు. నోటి సర్జన్ రిపోర్టు చూసి, "క్యాన్సర్ లేదమ్మా. కరెంటు పడిన ఎముక చచ్చిపోతోంది" అన్నారు. మొదటి మాటకు ఊపిరి పీల్చుకునేలోపే రెండో మాట చెవిన పడింది. దీన్ని ఆస్టియోరేడియోనెక్రోసిస్ అంటారట. రేడియేషన్ పడిన చోట ఎముక బయటపడి, మూడు నెలలైనా మూసుకోకుండా, అక్కడ క్యాన్సర్ లేదని తేలితే ఆ పేరు పెడతారు.

నాకు 33 సిట్టింగుల్లో 66 గ్రేలు ఇచ్చారు. గ్రే అంటే రేడియేషన్ మోతాదుకు కొలత. 60 దాటితే దవడకు ముప్పు పెరుగుతుంది. పై దవడ కంటే కింది దవడకే ఇది ఎక్కువగా రావడానికి కారణం రక్తం. పై దవడకు నాలుగు వైపుల నుంచీ రక్తం అందుతుంది. కింది దవడ గట్టి ఎముక, దానికి ముఖ్యంగా లోపల నడిచే ఒక్క ధమనే ఆధారం. రేడియేషన్‌తో సన్న రక్తనాళాలు మూసుకుపోతాయి, ఎముకను కట్టే కణాలు తగ్గిపోతాయి. కాలవ చివరి పొలంలా, ఉన్నంతకాలం పచ్చగానే ఉంటుంది, ఒక్క దెబ్బ తగిలితే తేరుకునే తడి ఉండదు. ఏళ్లు గడిస్తే ఆ ముప్పు పోతుందని నేననుకునేదాన్ని. పోదు. పదేళ్ల తర్వాత వచ్చినవాళ్లూ ఉన్నారని డాక్టరుగారు చెప్పారు.

చాలామందికి ఇది పన్ను పీకించుకున్నాక మొదలవుతుంది. నాకు కుడివైపు దంతాలు రేడియేషన్‌కు ముందే తీసేశారు, ఆ గాయాలు మానాకే కరెంటు మొదలుపెట్టారు. నా విషయంలో దెబ్బ కొట్టింది తర్వాత పెట్టించుకున్న కట్టుడు పళ్లు. లాలాజలం ఊరని నోట్లో వాటి అంచు రోజూ ఒకేచోట ఒరుసుకుని, పలచటి పొర చిరిగింది. అంత చిన్న ఒరిపిడి చాలు.

కట్టుడు పళ్లు ఆ రోజే తీసి పక్కన పెట్టించారు. క్రిములను చంపే క్లోర్‌హెక్సిడిన్ మందుతో పుక్కిలింత, చీము పట్టినప్పుడల్లా యాంటీబయాటిక్, వీటితోపాటు పెంటాక్సిఫిలిన్ 400 మిల్లీగ్రాముల మాత్ర రోజుకు రెండు, విటమిన్ ఇ. ఆ మాత్ర కాళ్లలో రక్తప్రసరణ కోసం ఎప్పటి నుంచో వాడుతున్నదే. విటమిన్ ఇ తో కలిపితే రేడియేషన్ వల్ల గట్టిపడిన కండ కొంత మెత్తబడుతుందని ఫ్రాన్స్ డాక్టర్లు చూపించాక దవడకూ వాడుతున్నారు. పరగడుపున వేసుకుంటే నాకు కడుపులో తిప్పేది, కళ్లు తిరిగేవి. పెరుగన్నం తిన్నాక వేసుకోవడం మొదలుపెట్టాక సర్దుకుంది.

మా తమ్ముడు ఎక్కువ ఒత్తిడిలో ఆక్సిజన్ పీల్పించే గదుల గురించి విని, ఎంత ఖర్చయినా పెడదామన్నాడు. డాక్టరుగారు కాదనలేదు, కూర్చోబెట్టి వివరంగా చెప్పారు. 1980లలో అమెరికాలో దాని మీద పెద్ద ఆశ పెట్టుకున్నారు. 2004లో ఫ్రాన్స్‌లో పోల్చి చూస్తే ఉత్తుత్తి చికిత్స కంటే మేలు కనపడలేదు. రేడియేషన్ పడిన దవడలో పన్ను తీసేముందు ముందుజాగ్రత్తగా ఇస్తే ఆగుతుందేమోనని బ్రిటన్‌లో చూసి 2019లో ఫలితం ప్రకటించారు. ఇచ్చినవాళ్లలోనూ ఇవ్వనివాళ్లలోనూ వందకు ఆరుగురికే వచ్చింది. తమ్ముడి డబ్బు మిగిలింది. ఆ డాక్టరుగారి మీద నాకు గౌరవం కుదిరింది కూడా ఆ రోజే.

ఓపీ దగ్గర శ్రీకాకుళం నుంచి వచ్చిన ఒక పెద్దావిడ పరిచయమైంది. ఆవిడకు దవడ లోపల్లోపలే గుల్లయి, ఆవలిస్తుంటే విరిగిపోయింది. చెంపకు రంధ్రం పడి, తాగిన జావ బయటికి కారేది. చచ్చిన ఎముకంతా తీసేసి, కాలి పక్క ఎముకను దాని రక్తనాళంతో సహా తెచ్చి దవడలో అమర్చి, ఆ నాళాన్ని మెడలోని నాళాలకు కుట్టారు. ఫిబులా అంటారు ఆ ఎముకను. అది తీసినా నడవచ్చు, ఎందుకంటే ఒంటి బరువు మోసేది దాని పక్కది. ఆపరేషన్ అయ్యాక కర్ర పట్టుకుని నా దగ్గరికి నడిచొచ్చి, "చూడమ్మా, కాలు దవడైంది" అని చెంప చూపించిందావిడ. నాకు అంతదాకా రాకూడదని మొక్కుకున్నాను. వస్తే మాత్రం చేయించుకోవచ్చన్న ధైర్యం ఆవిడే ఇచ్చింది.

నా ఎముక కొన్ని నెలలకు పెచ్చులా కదిలింది. మత్తు సూది కూడా పెద్దగా అక్కర్లేకుండా దాన్ని ఎత్తి తీశారు, గోరంత ముక్క. కింద ఎర్రగా కొత్త కండ ఉంది. అది మెల్లగా మూసుకుంది. బిగిసిన నోరు తెరవడానికి ఐస్‌క్రీం పుల్లలు ఒకదానిమీద ఒకటి పేర్చి పళ్ల మధ్య పెట్టుకునే వ్యాయామం ఇప్పటికీ ఆపలేదు. ఇప్పుడు రెండు వేళ్లు నిలువుగా పడతాయి. మెత్తగా వండిన అన్నం, పప్పు, ముద్దకూర తింటాను. కారం పనికిరాదు.

ఈ మధ్య ఎడమవైపు దంతం పుచ్చింది. అటూ కరెంటు పడింది కాబట్టి పీకొద్దన్నారు. మా ఊరి పళ్ల డాక్టరు నా రేడియేషన్ కాగితం ఫోటో తీసుకుని సర్జన్‌గారితో ఫోన్లో మాట్లాడి, వేరు వైద్యం చేసి, పన్ను పైభాగం చిగురు దాకా కోసేసి, వేర్లను ఎముకలోనే ఉంచేశారు. రాత్రిపూట మిగిలిన పళ్లకు ఫ్లోరైడ్ జెల్ ట్రే పెట్టుకుంటున్నాను. కొత్త కట్టుడు పళ్లు వద్దని నేనే చెప్పాను.