కల్నల్ మెకంజీ ఊరి కవిలెకట్టలు: నా అనుభవం

కైఫియత్తులు, అంటే మన ఊళ్ల చరిత్రలు, రాయించిన మెకంజీ మనకు తెలుసు కానీ, ఆయన సొంత ఊరు ఏదని అడిగితే చాలామంది చెప్పలేరు. కాలిన్ మెకంజీ 1754 ప్రాంతంలో స్కాట్లండ్‌లోని లూయిస్ దీవిలో, స్టోర్నవేలో పుట్టారు. అక్కడి కస్టమ్స్ ఆఫీసులో పనిచేసి 1783లో మద్రాసు వచ్చారు. మళ్లీ ఇంటిముఖం చూడలేదు. ఆయనకు మన భాషలు రావు. ఏలూరు నుంచి వచ్చిన కావలి వెంకట బొర్రయ్య లాంటివాళ్లే ఊరూరా తిరిగి, కరణాల దగ్గరున్న దండకవిలెల్లోంచి, అంటే ఊరి లెక్కల పుస్తకాల్లోంచి, సంగతులు రాయించి తెచ్చేవాళ్లు. 1984లో ఆ ఉద్యోగం రద్దయ్యేదాకా మా తాతగారు కరణం. మన ఊళ్ల లెక్కలు పోగుచేయించిన మనిషి ఊళ్లో ఏ లెక్కలు మిగిలాయో చూడాలని నాకు ఎప్పటినుంచో కోరిక.

గ్లాస్గోలో ఉంటున్నాను కాబట్టి, ముందు స్టోర్నవేలోని దీవుల ఆర్కైవ్ తస్‌గ్లన్ నన్ ఎలన్‌కి ఈమెయిల్ పెట్టాను. మెకంజీ కాగితాలు చూడాలన్నాను. ఆయన సేకరణ లండన్‌లో, చెన్నైలో ఉందని, 1855కి ముందటి చర్చి రిజిస్టర్లు ఎడిన్‌బరోలో ఉన్నాయని జవాబొచ్చింది. నిరాశపడ్డాను. రెండు రోజులాగి, మామూలు ఊరి సంగతులు దేంట్లో దొరుకుతాయని అడిగాను. బడి లాగ్‌బుక్కులు, అంటే హెడ్మాస్టర్లు బడి సంగతులు రాసిపెట్టిన పుస్తకాలు, చూడమన్నారు. పేరిష్ (ఒక చర్చి కిందకొచ్చే ప్రాంతం) పేరు, ఊరు, వచ్చే తేదీ ముందే చెప్పాలి. దీవిలో ఉన్నవి నాలుగే పేరిష్‌లు కాబట్టి అది కష్టం కాలేదు.

అల్లాపూల్ నుంచి ఫెర్రీలో రెండున్నర గంటల పైనే పట్టింది. ఆర్కైవ్ ఉన్నది లూస్ కోటలో. 1844లో ఈ దీవిని కొన్న జేమ్స్ మాథెసన్, నల్లమందు వ్యాపారంలో గడించిన డబ్బుతో కట్టించిన కోట అది. ఆ నల్లమందు మన దేశంలో పండిందే. మెట్లెక్కుతున్నంతసేపూ అదే గుర్తొచ్చింది.

బ్యాగు బయట పెట్టాలి, పెన్ను తీసుకెళ్లకూడదు, పెన్సిలే. తొడుగులు ఇస్తారనుకున్నాను. అక్కర్లేదు, చేతులు కడిగి తడి లేకుండా తుడుచుకుంటే చాలన్నారు. తొడుగులు వేసుకుంటే వేళ్లకు కాగితం తెలియక చిరుగుతుందట. పుస్తకం వెన్ను విరగకుండా కింద మెత్తటి దిండ్లు పెట్టి ఇచ్చారు.

స్కాట్లండ్‌లో 1872 చట్టంతో చదువు తప్పనిసరి అయ్యాక హెడ్మాస్టర్లు రాసిన లాగ్‌బుక్కులవి. మొదటి పేజీకి గంట పట్టింది. ఆ చేతిరాత అంత గొలుసుకట్టు. ఒక్కో అక్షరం ఎలా రాశాడో నోట్‌బుక్కులో వేసుకున్నాక కళ్లకు అలవాటైంది. ఇవాళ పిల్లలు రాలేదు, బంగాళాదుంపలు తవ్వుతున్నారు. ఇవాళా రాలేదు, పీట్ కోస్తున్నారు. పీట్ అంటే కట్టెలు దొరకని ఆ దీవిలో పొయ్యిలోకి కోసి ఎండబెట్టుకునే బురదనేల పెళ్లలు. తర్వాత తట్టు, బడి మూత. ఇంట్లో గేలిక్ మాట్లాడే పిల్లల గురించి అంతా ఇంగ్లీషులోనే. నాకు మా ఊరి వరికోతల రోజుల్లో ఖాళీ బెంచీలు కళ్లముందు కదిలాయి.

1919 నాటి లాగ్‌బుక్కు కూడా అడుగుదామనుకున్నాను. ఆ జనవరి 1న, యుద్ధం ముగిసి ఇళ్లకొస్తున్న నావికుల ఓడ అయోలేర్ స్టోర్నవే రేవు దగ్గర్లోనే రాళ్లకు కొట్టుకుని 201 మంది చనిపోయారు. పక్క బల్ల దగ్గరున్న పెద్దాయన వాళ్లలో ఎవరి మనవడో. నాకు నోరు రాలేదు. అడగలేదు.

రెండో రోజు బస్సులో ఉత్తరపు కొసన ఉన్న నెస్‌కి వెళ్లాను. అక్కడి ఊళ్లవాళ్లు 1977లో సొంతంగా చరిత్ర సంఘం పెట్టుకున్నారు. ఏ క్రాఫ్ట్‌లో, అంటే ఏ చిన్న కౌలు చెక్కలో, ఎవరి తర్వాత ఎవరున్నారో రాసి పెట్టుకున్నారు. మెక్లౌడ్‌లూ మారిసన్‌లూ ఇంటికొకరుండే చోట పేరు చెబితే మనిషి దొరకడు. ఎవరి కొడుకు, ఎవరి మనవడు అని తాతతండ్రుల పేర్లు వరసగా చెప్పాలి. టీ ఇచ్చిన పెద్దావిడ నన్నూ అలాగే అడిగింది. నాన్న పేరు, తాత పేరు, ముత్తాత పేరు చెప్పాను. తాత ఊరి లెక్కలు రాసేవారన్నాను.

"ఆ పుస్తకాలు ఎక్కడున్నాయి?" అంది వెంటనే.

ఫెర్రీలో సిగ్నల్ దొరకగానే ఇంటికి ఫోన్ చేశాను.

"నాన్నగారూ, తాతగారి కవిలెకట్టలు అటక మీదే ఉన్నాయా?"

"రెండు కట్టలున్నాయిరా. ఒకదానికి చెద పట్టింది. ఎందుకు?"

"కిందకి దించి విడిగా పెట్టండి. విప్పకండి, ఎండలో వేయకండి. సంక్రాంతికి వస్తున్నాను."