సంబరం: అమ్మ వచ్చే వేళ

మా ఇంట్లో అమ్మవారి పండుగను సంబరం అంటాం. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లోనూ అంతే. "ఈ ఏడు సంబరం ఎప్పుడు?" అంటే గ్రామదేవత పండుగ ఎప్పుడని అడిగినట్టు. సంతోషానికీ పండుగకీ ఒకటే మాట.

ఈ మాట సంస్కృతంలోని సంభ్రమం నుంచి వచ్చిందంటారు. సంభ్రమం అంటే తత్తరపాటు, తొందర. భ్రమణంలో ఉన్న తిరుగుడే ఇందులోనూ ఉంది. సంస్కృత నాటకాల్లో పూజ్యులెవరైనా వస్తే పాత్ర ససంభ్రమంగా లేచి ఎదురెళ్తుంది. నాకు ఈ అర్థమే ఎక్కువ ఇష్టం. కావలసినవాళ్లు వస్తున్నారని తెలిసి కాలు ఒకచోట నిలవకపోవడమే సంబరం.

ఒడిశాలోని మా బరంపురంలో గ్రామదేవత బూఢీ ఠాకురాణి యాత్ర రెండేళ్లకోసారి, చైత్రమాసంలో మొదలై దాదాపు నెల రోజులు సాగుతుంది. అమ్మవారు గుడి వదిలి దేశిబెహరా వీధిలోని పుట్టింటికి వస్తుంది. పట్టు నేసే దేరా కులానికి పెద్ద దేశిబెహరా. అమ్మవారికి ఆ ఇంటివాళ్లే పుట్టింటివాళ్లు. వాళ్ల పూర్వీకులు రాజమహేంద్రవరం వైపు నుంచి వచ్చారని చెప్పుకుంటారు. మొక్కున్నవాళ్లు శివుడిగా, కృష్ణుడిగా, పులిగా వేషాలు కడతారు. రాత్రిళ్లు ఆడవాళ్లు పూలతో అలంకరించిన ఘటాలు తలకెత్తుకుని వీధులు తిరుగుతారు.

ఘటాలు మా వైపు వచ్చే రోజు మా అమ్మ సాయంత్రం నుంచే గుమ్మం కడిగి, ముగ్గేసి, పసుపునీళ్లు కలిపి పెట్టుకుంటుంది. మోకాళ్ల నొప్పులతో మెట్టు దిగడానికే ఇబ్బందిపడే మనిషి, ఒకసారి డప్పు వినబడగానే "ఒలే, అమ్మ వచ్చీసిందే!" అంటూ చెప్పులైనా వేసుకోకుండా వీధిలోకి పరుగెత్తింది. పడిపోతుందేమోనని నాకు టెన్షన్. ఆమెకు ఆ ధ్యాసే లేదు.

భక్తి అంటే ఏమిటో చెబుతూ నారదుడు తన సూత్రాల్లో "మత్తో భవతి, స్తబ్ధో భవతి" అన్నాడు. అది ఎరిగినవాడు మత్తెక్కినట్టవుతాడు, నిశ్చలుడూ అవుతాడు. రెండూ ఒకచోట ఎలా కుదురుతాయో నాకు అర్థమయ్యేది కాదు. ఆ రాత్రి చూశాను. చుట్టూ డప్పులు, జనం, కేకలు. వాటి మధ్యలో ఘటం ఎత్తుకున్నావిడ తల ఇటూ అటూ కదలలేదు. ఆమె కాళ్ల మీద పసుపునీళ్లు పోస్తున్న మా అమ్మ చేతులు మాత్రం వణుకుతున్నాయి.

ఘటాలు మలుపు తిరిగి వెళ్లిపోయాయి. లోపలికి రమ్మన్నాను.

"ఉండవే, ఇంకా డప్పు వినబడతా ఉంది" అంది.