ఇంటర్నేషనల్ రిలేషన్స్ అంటే భయపడేవాళ్ళకి: ఫ్రాన్స్ ఒక్కదాన్నే పట్టుకుని నేనెలా చదివానో

సివిల్స్ రిజల్ట్స్ వచ్చిన దగ్గర్నుంచీ ఫోన్ ఆగట్లేదు, అందరూ అడిగేది ఒకటే, బుక్ లిస్ట్ పెట్టన్నా అని. బుక్ లిస్ట్ మీ అందరి దగ్గరా ఉంది, నా దగ్గరున్నదీ అదే. అందుకే పాలిటీ, ఎకానమీ గురించి ఇక్కడ రాయట్లేదు. జీఎస్-2 (జనరల్ స్టడీస్ రెండో పేపర్) చివర్లో వచ్చే ఇంటర్నేషనల్ రిలేషన్స్, అందులోనూ ఒకే ఒక్క దేశం, ఫ్రాన్స్, దాని గురించే రాస్తాను. ఎందుకంటే మెయిన్స్‌లో నా ఆన్సర్ల తీరు మారింది అక్కడే, ఇంటర్వ్యూలో నన్ను కాపాడిందీ అదే.

ఇండియా-ఫ్రాన్స్ అనగానే అందరి నోట్స్‌లో ఏముంటుందో తెలిసిందే కదా. 1998 స్ట్రాటజిక్ పార్ట్‌నర్‌షిప్, పోఖ్రాన్ తర్వాత ఆంక్షలు పెట్టకపోవడం, రఫేల్ యుద్ధవిమానాలు, స్కార్పీన్ సబ్‌మెరైన్లు, 2015 పారిస్‌లో సోలార్ అలయన్స్, వరుణ-గరుడ-శక్తి ఉమ్మడి సైనిక విన్యాసాలు, హారిజన్ 2047 రోడ్‌మ్యాప్. ఇవన్నీ రావాల్సిందే, కాదనను. కానీ ఇవి రాయనివాడు ఎవడూ లేడు, ఒకే ఆన్సర్ వరసపెట్టి దిద్దుకుంటూ వచ్చిన ఎవాల్యుయేటర్ మన పేపర్‌కి ఒక మార్కు ఎక్కువెందుకు వెయ్యాలి?

నాకు దారి దొరికింది 2023 జులైలో. ఆ నెల 14న పారిస్‌లో బాస్టిల్ డే (వాళ్ళ జాతీయ దినం) పెరేడ్‌కి మన ప్రధాని చీఫ్ గెస్ట్, మన పంజాబ్ రెజిమెంట్ వాళ్ళు షాంజెలీజే రోడ్డు మీద కవాతు చేశారు, మన రఫేళ్ళు పైన ఎగిరాయి. అది కరెంట్ అఫైర్స్ నోట్స్‌లో రాసుకుని ఇంకా రెండు వారాలు కూడా కాలేదు, 26న నైజర్‌లో సైనిక తిరుగుబాటు, 30న దాని రాజధాని నియామేలో జనం ఫ్రెంచి ఎంబసీ మీదకెళ్ళి తలుపుకి నిప్పు పెట్టారు. ఒకే దేశం, ఒకే నెల. మన దగ్గర నెత్తిన పెట్టుకుంటున్నారు, అక్కడ ఎంబసీ తగలబెడుతున్నారు. ఎందుకిలా అన్న ప్రశ్న నన్ను చాలారోజులు వదల్లేదు. కోచింగ్ మెటీరియల్‌లో ఆ రెండు వార్తలూ వేర్వేరు పేజీల్లో ఉన్నాయి, ఒకటి బైలేటరల్ కింద, ఇంకోటి ఆఫ్రికా కింద. నేను రెండూ ఒకే కాగితం మీద పెట్టుకుని కూర్చున్నా.

అలా కూర్చున్నాక చేసిందేంటంటే, ఫ్రాన్స్ బయటి దేశాల్లో చేసే పనిని నాలుగు ముక్కలు చేశాను, దౌత్యం, డబ్బు, సంస్కృతి, సైన్యం. ఎడమ పక్క ఆ నాలుగూ, కుడి పక్క ఏది ఎక్కడ తెగిపోయింది, ఏది దేన్ని చెడగొట్టింది. కుడి పక్క కాలమే ముఖ్యం, అది నింపడానికే టైమ్ పడుతుంది.

సైన్యం సంగతి చూడండి. 2013 జనవరిలో మాలి ప్రభుత్వమే పిలిస్తే సెర్వాల్ ఆపరేషన్‌తో వెళ్ళారు, టింబక్టుని జిహాదీల నుంచి విడిపించారు, ఫిబ్రవరిలో అప్పటి ఫ్రెంచి అధ్యక్షుడు ఒలాండ్ అక్కడికెళ్తే జనం జేజేలు కొట్టారు. 2014లో అది బార్ఖాన్ ఆపరేషన్ అయింది, ఐదు దేశాల్లో, ఒక దశలో 5 వేలకి పైగా సైనికులతో. కానీ దాడులు తగ్గలేదు సరికదా బుర్కినా, నైజర్‌లోకి పాకాయి, తిరుగుబాట్లు వచ్చాయి. 2022 ఆగస్టులో మాలి నుంచి ఆఖరి సైనికుడు వెళ్ళిపోయాడు, 2023 ఫిబ్రవరికి బుర్కినాలో పని ముగిసింది, ఆ డిసెంబర్‌కి నైజర్ ఖాళీ, 2024 నవంబర్‌లో చాద్ తనే ఒప్పందం రద్దు చేసింది, 2025 జులైలో సెనెగల్‌లో ఆఖరి స్థావరం అప్పగించేశారు. జేజేలు కొట్టిన దగ్గర్నుంచి పన్నెండేళ్ళు. సైనికంగా ఓడిపోయి వెళ్ళలేదు, అక్కడే మనం ఆగి ఆలోచించాలి.

దానికి సగం జవాబు డబ్బు కాలమ్‌లో దొరికింది. సీఎఫ్ఏ ఫ్రాంక్ (ఫ్రాన్స్ వలసకాలంలో ఆఫ్రికాలో పెట్టిన కరెన్సీ) అని ఒక లైన్ రాసి వదిలేస్తారు అందరూ, దయచేసి దాని లోపల ఏం జరుగుతుందో చూడండి. 1945లో మొదలైంది, ఇప్పటికీ 14 దేశాల్లో నడుస్తోంది, ఒక యూరోకి 655.957 అని ఫిక్స్. ధరలు అదుపులో ఉంటాయి, అది నిజమైన లాభమే. కానీ మాలిలో, బుర్కినాలో పత్తి రైతు ఉంటాడు, వాడి పత్తి అమ్ముడుపోయేది డాలర్ లెక్కన, వాడి చేతికొచ్చేది యూరోకి కట్టేసిన కరెన్సీలో. యూరో బలపడిందా, వాడి దిగుబడి ఏమీ తగ్గకుండానే ఆదాయం పడిపోతుంది, ఆ యూరో రేటు మీద వాడి దేశానికి మాట లేదు. 1994 జనవరిలో అయితే దాని విలువ ఒక్కసారిగా సగానికి కోశారు. పైగా ఈ దేశాల విదేశీ నిల్వల్లో సగం ఫ్రెంచి ట్రెజరీలో ఉంచాలన్న రూల్ పశ్చిమ ఆఫ్రికా ఎనిమిది దేశాలకి తీసేస్తామని ఫ్రాన్స్ ప్రకటించిందే 2019 డిసెంబర్‌లో. గుంటూరు, ఆదిలాబాద్, వరంగల్ వైపు నుంచి వచ్చిన వాళ్ళకి పత్తి ధర అంటే ఏంటో నేను చెప్పక్కర్లేదు. ఉద్యోగంలేని కుర్రాడు నియామే వీధిలో ఫ్రెంచి సైనికుణ్ణి చూస్తే టెర్రరిస్టుల నుంచి కాపాడేవాడు కనపడడు, ఈ మొత్తం వ్యవస్థకి కాపలావాడు కనపడతాడు. ఇది నా అభిప్రాయం, ఆన్సర్‌లో కూడా ఇలాగే రాశాను, భయపడకుండా.

సంస్కృతి విషయంలో వీళ్ళంత పద్ధతిగా పనిచేసినవాళ్ళు తక్కువ. ఫ్రెంచి భాష నేర్పే అలియాన్స్ ఫ్రాంసేజ్ 1883 నాటిది, హైదరాబాద్‌లో కూడా ఉంది, మనవాళ్ళు ఎంతమంది అక్కడ క్లాసులకి వెళ్తారో మీకు తెలుసు. 2017లో లూవ్ర్ మ్యూజియం పేరుతో అబుదాబిలో మ్యూజియం తెరిచారు. 2021లో బెనిన్ నుంచి ఒకప్పుడు ఎత్తుకెళ్ళిన 26 కళాఖండాలు తిరిగిచ్చారు. ఫ్రెంచి మాట్లాడే దేశాల సంస్థ పుట్టింది 1970 మార్చిలో, ఎక్కడ అనుకున్నారు, నియామేలోనే. 2025 మార్చిలో అదే నైజర్, మాలి, బుర్కినాతో కలిసి ఆ సంస్థ నుంచి బయటకొచ్చేసింది. ఈ ఒక్క ఫ్యాక్ట్ ఆన్సర్ ఇంట్రోలో పెడితే చాలు, మీరు బుల్లెట్ పాయింట్లు బట్టీ కొట్టలేదని చదివేవాడికి అర్థమవుతుంది.

దౌత్యం త్వరగా చెప్పేస్తా. వీటో, అణ్వాయుధాలు, 1966లో అధ్యక్షుడు డీగాల్ నాటో సైనిక కమాండ్ నుంచి బయటకి రావడం, 2009లో సార్కోజీ హయాంలో తిరిగి చేరడం, 2003 ఫిబ్రవరిలో భద్రతా మండలిలో ఇరాక్ యుద్ధం వద్దని విదేశాంగ మంత్రి విల్పాన్ ప్రసంగం. మన నాన్-అలైన్‌మెంట్, వాళ్ళ స్ట్రాటజిక్ అటానమీ ఎందుకు కలుస్తాయో ఇక్కడే తెలుస్తుంది. 2021 ఆకస్ (ఆస్ట్రేలియా, బ్రిటన్, అమెరికా రక్షణ ఒప్పందం) కూడా చదవండి, ఆస్ట్రేలియా ఫ్రాన్స్‌తో ఉన్న సబ్‌మెరైన్ల కాంట్రాక్ట్ రద్దు చేస్తే పారిస్ వాషింగ్టన్ నుంచి, కాన్‌బెర్రా నుంచి తన రాయబారుల్ని వెనక్కి పిలిచింది. అమెరికా మీద ఆ కోపం, ఆ తర్వాత ఇండియా వైపు ఇంకాస్త జరగడం, రెండూ కలిపి చూడాలి.

ఇప్పుడు ఇంటర్వ్యూ. మాది తాళ్ళరేవు మండలం, యానాం పక్కనే, డీఏఎఫ్‌లో (మన వివరాలు నింపి ఇచ్చే ఫారం) అది చూసి బోర్డులో ఒక సర్ అడిగారు, ఫ్రెంచివాళ్ళు యానాం, పుదుచ్చేరి అంత తేలిగ్గా వదిలేసి అల్జీరియా కోసం ఎనిమిదేళ్ళు ఎందుకు యుద్ధం చేశారని. నిజం చెప్తున్నా, ఆ ప్రశ్న నా కోసమే అడిగినట్టుంది. సర్, రెండూ ఒకే రోజు సర్ అన్నాను. 1954 నవంబర్ 1న పుదుచ్చేరి, కారైకల్, మాహే, యానాం పాలన మన చేతికొచ్చింది, అదే నవంబర్ 1న అల్జీరియాలో తిరుగుబాటు మొదలైంది. ఆ ఏడాది మే 7న వియత్నాంలో ఫ్రెంచి స్థావరం దియెన్ బియెన్ ఫూ పడిపోయింది, కాబట్టి ఆసియాలో ఇంకో గొడవ పెట్టుకునే ఓపిక పారిస్‌కి లేదు. యానాంలో జూన్‌లోనే విమోచనవాదులు పాలన పట్టుకున్నారు. అక్టోబర్ 18న పుదుచ్చేరి దగ్గర కీళూరులో ప్రజాప్రతినిధులు ఓటేస్తే 178లో 170 మంది విలీనానికే. అల్జీరియాలో అలా కాదు, దాన్ని సొంత జిల్లాలుగా లెక్కేసుకున్నారు, యూరప్ నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళే దాదాపు 10 లక్షల మంది. మన దగ్గర అలాంటి జనాభా లేదు, కాబట్టి పారిస్‌లో యానాం కోసం ఏడ్చే ఓటు లేదు. ఒప్పందం 1956లో సంతకమైనా పూర్తి చట్టబద్ధ విలీనం 1962 ఆగస్టు 16న, అంటే అల్జీరియా వ్యవహారం తెగాకే.

మేడమ్ ఒకరు, మరి యానాం జనానికి ఫ్రెంచి పాలన అంటే ఏం గుర్తుంది అన్నారు. 1929 శారదా చట్టం వచ్చాక బాల్యవివాహాల కోసం గోదావరి జిల్లాల వాళ్ళు యానాం వెళ్ళేవారు, అక్కడ ఆ చట్టం వర్తించదు కాబట్టి, అందుకే కల్యాణపురం అనేవారు, మా తాతమ్మ వాళ్ళ తరం మాటల్లో విన్నాను మేడమ్ అన్నాను. ఆవిడ నవ్వి ఏదో రాసుకున్నారు. అక్కణ్ణించి మిగతా ప్రశ్నలన్నీ వాళ్ళు అడిగినట్టు లేదు, మాట్లాడుకున్నట్టే ఉంది.

ఇదంతా చదివే రోజుల్లో రూమ్‌మేట్స్ అనేవాళ్ళు, రెండు మార్కుల కోసం ఆఫ్రికా కరెన్సీ చదువుతున్నావా అని. చదివాను, ఇప్పుడు కూడా అదే చదువుతాను. సెల్ పక్కన పడేసి పొద్దున్న మూడు గంటలు ఒకే టాపిక్ మీద కూర్చోలేనివాడు ఎన్ని టెస్ట్ సిరీస్‌లు కొన్నా ఉపయోగం లేదు తమ్ముళ్ళూ. రోజూ కూర్చోవాలి, పండక్కీ కూర్చోవాలి, మూడ్ లేదు అన్నరోజు కూడా కూర్చోవాలి. అశోక్‌నగర్‌లో నా కన్నా తెలివైనవాళ్ళని చాలామందిని చూశాను, వాళ్ళు టాపిక్ మొదలుపెట్టి వారంలో ఇంకో టాపిక్‌కి, ఇంకో ఛానల్‌కి మారిపోయేవాళ్ళు.

ఎథిక్స్‌కి సొంత ఉదాహరణలు రాసుకున్నా, ఎస్సేకి వారానికి ఒకటి రాసి సీనియర్‌కి చూపించా, ఆప్షనల్ పీఎస్ఐఆర్ (పొలిటికల్ సైన్స్), పాత పేపర్లే ఆధారం. వీటి గురించి ఇంతకన్నా చెప్పడానికి కొత్తదేం లేదు.

ప్రిలిమ్స్ వాళ్ళు మ్యాప్ మాత్రం వదలొద్దు, రీయూనియన్, మయోట్, న్యూ కలెడోనియా, ఫ్రెంచి గయానాలో రాకెట్లు ప్రయోగించే కౌరూ, జిబూటిలో సైనిక స్థావరం. ప్రపంచంలో రెండో పెద్ద సముద్ర ఆర్థిక మండలం ఫ్రాన్స్‌దే, కోటి చదరపు కిలోమీటర్లకి పైనే, దాదాపు అంతా సముద్రాల అవతలున్న ఇలాంటి ఫ్రెంచి భూభాగాల వల్లే, ఇండో-పసిఫిక్‌లో తనూ స్థానిక దేశాన్నేనని ఫ్రాన్స్ అనడానికి కారణం కూడా ఇదే. మెయిన్స్ వాళ్ళు 2025 ఏప్రిల్‌లో సంతకమైన 26 రఫేల్ మెరైన్ డీల్, 2025 జూన్‌లో రఫేల్ తయారుచేసే దస్సో, టాటా కలిసి ప్రకటించిన హైదరాబాద్ ఫ్యూజిలాజ్ (విమానం బాడీ) ఫ్యాక్టరీ ఫాలో అవ్వండి, డబ్బు కాలమ్‌లోకి, సైన్యం కాలమ్‌లోకి రెండింట్లోకీ వస్తాయి. న్యూ కలెడోనియాలో 2018, 2020, 2021 రెఫరెండంలు మూడూ ఫ్రాన్స్‌తోనే ఉంటామని వచ్చాయి, కానీ మూడోదాన్ని స్వాతంత్ర్యం కోరే కనాక్‌లు (అక్కడి మూలవాసులు) బహిష్కరించారు, 2024 మేలో అల్లర్లయ్యాయి. ఆ పేజీ నేను ఇంకా పూర్తిగా రాసుకోలేదు, ట్రైనింగ్‌కి వెళ్ళేలోపు రాసి మిగతా ఫ్రాన్స్ నోట్స్‌తో కలిపి అడిగినవాళ్ళందరికీ పంపిస్తాను.