మందు బాగా పనిచేస్తోందన్నమాట!

నాకు వచ్చింది ఒకటే జబ్బు. ఒంట్లో కోరిక చచ్చిపోయినప్పుడు జనం నవ్వారు. మాత్రలు వేసుకున్నాక అదే కోరిక హద్దు మీరి నన్ను తినేస్తుంటే భుజం తట్టారు. నవ్విన వాళ్లను ఎప్పుడో క్షమించాను. భుజం తట్టిన వాళ్ల మీద కోపం మాత్రం ఇంకా పోలేదు. పేరు అడక్కండి. తిరుపతి రైల్వే స్టేషన్ దగ్గర ట్రావెల్స్ ఆఫీసులో కూర్చునేవాణ్ణి, సగం ఊరు నన్ను చూసే ఉంటుంది.

మొదటి భాగం త్వరగా చెప్పేస్తాను. పెళ్లయి ఏళ్లు గడిచినా పిల్లల్లేరు. ఎప్పుడూ తలనొప్పి. ఛాతీ పెరగడం మొదలైంది. భార్య మీదే కాదు, అసలు ఎవరి మీదా ధ్యాస లేదు. కపిలతీర్థంలో స్నానానికి చొక్కా విప్పితే మా బామ్మర్ది "ఏంది బావా, జాకెట్టు కుట్టించాల్నా?" అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఇంకేం చేస్తాం? మన సినిమాల్లో అలాంటి ఒళ్లున్న మగవాడు కామెడీ ట్రాక్‌లోనే కనిపిస్తాడు. చివరికి రక్తపరీక్ష, ఎమ్మారై. మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథిలో గడ్డ. క్యాన్సర్ కాదు. పేరు ప్రొలాక్టినోమా. పిల్లతల్లికి పాలు పడేలా చేసే ప్రొలాక్టిన్ అనే హార్మోన్ మగవాళ్లలో మామూలుగా 20 లోపే ఉండాలట, నాకు వెయ్యి దాటింది.

ఆపరేషన్ అక్కర్లేదు, మాత్రలతో కరుగుతుందన్నారు. కాబర్గోలిన్, వారానికి రెండుసార్లు. నిజంగానే కరిగింది. తలనొప్పి పోయింది. మీసం ఒత్తుగా వచ్చింది. ఆ మేలు కాదనను.

కానీ ఆ మాత్ర మెదడులో ఉండే డోపమైన్ అనే రసాయనంలా పనిచేసి ప్రొలాక్టిన్‌ను దించుతుంది. మెదడులో 'ఇంకా కావాలి, ఇంకా కావాలి' అనిపించేదీ ఆ డోపమైనే. అందుకే కొందరికి ఈ మందుతో పేకాట పిచ్చి పడుతుంది, కొందరు అప్పు చేసి మరీ వస్తువులు కొంటారు, కొందరికి నాలా అవుతుంది. అందరికీ రాదు. వచ్చినవాడికి ముందే ఒక మాట చెప్పి ఉంటే చాలు. నాకెవరూ చెప్పలేదు.

మొదట్లో ఇంట్లో పండగే. తర్వాత రాత్రీ పగలూ తేడా పోయింది. ఆఫీసులో టికెట్ బుక్ చేస్తూ మధ్యలో ఫోన్ పట్టుకుని బాత్రూమ్‌కు పరుగు. కస్టమర్ నిలబడే ఉండేవాడు. సుఖం అనుకోకండి, అందులో సుఖమేమీ లేదు. ఒక రోజు నా భార్య "మీరు నన్ను చూట్టం లేదండీ. నేను కాక ఇంకెవరున్నా మీకు ఒకటే" అంది. బట్టలు సర్దుకుని మదనపల్లె పుట్టింటికి వెళ్లిపోయింది.

సిగ్గు చంపుకుని డాక్టరుకు చెప్పాను. ఆయన గట్టిగా నవ్వాడు. "మందు బాగా పనిచేస్తోందన్నమాట! ఇంతకుముందు లేదని ఏడ్చావు, ఇప్పుడు ఎక్కువైందని ఏడుస్తావా? ఎంజాయ్ చెయ్యి" అన్నాడు. పక్కనున్న నర్సమ్మ తల దించుకుంది. బామ్మర్దికి చెబితే "నువ్వు హీరో బావా" అన్నాడు. మగవాడి విషయంలో 'ఎక్కువ' అనేది జబ్బు అని ఎవరికీ తోచదు. అమ్మాయి వద్దంటున్నా వెంటపడేవాడికి ఈలలు వేసి పెరిగినవాళ్లం మేమంతా.

ఆ రాత్రి సంగతి చెప్పాలి. ఇంట్లో ఒక్కణ్ణే ఉన్నాను. ముక్కూ మొహం తెలియని నంబర్ నుంచి వీడియో కాల్ వస్తే ఎత్తాను. కాసేపటికే నా వీడియో నాకే పంపి, డబ్బు వెయ్యకపోతే నీ కాంటాక్ట్స్ అందరికీ పంపుతామన్నారు. లిస్టులో మా అమ్మ ఉంది, మామయ్య ఉన్నాడు, మా ఓనర్ ఉన్నాడు. ఉన్నదంతా పంపాను. మళ్లీ అడిగారు. చెమటలు పట్టి, వాంతి చేసుకున్నాను. నన్ను ఇప్పటికీ వణికించేది బెదిరింపు కాదు. వాంతి చేసుకుని మొహం కడుక్కుని వచ్చాక, వాళ్ల మెసేజులు ఒకవైపు వస్తూనే ఉన్నాయి, నా వేలు ఇంకో వీడియో వెతుకుతోంది. భయంతో గుండె దడదడలాడుతున్నా చెయ్యి ఆగలేదు. ఇది నా చెయ్యేనా అనిపించింది. తెల్లవారేదాకా మిద్దె మీద నిలబడ్డాను. పిట్టగోడ దగ్గరికి మాత్రం పోలేదు, ఆ మాట మా అమ్మకు నేటికీ చెప్పలేదు.

పొద్దున్నే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేశాను. డబ్బు కొంచెం కూడా తిరిగి రాలేదు కానీ వాళ్ల బెదిరింపులు ఆగాయి. ఇలాంటి పరిస్థితిలో ఉన్నవాళ్లు డబ్బు పంపకుండా ముందు ఆ నంబర్‌కు చెయ్యండి. మనసు బాగోకపోతే 14416 ఉంది, టెలీమానస్, తెలుగులోనే మాట్లాడతారు.

రాయవేలూరు (వెల్లూరు) ఆసుపత్రికి వెళ్లాక అక్కడ చదువుకుంటున్న ఒక డాక్టరమ్మ తన పేపర్ చూస్తూ మామూలుగా అడిగింది: "సార్, జూదం, షాపింగ్, సెక్స్ కోరికలు ఏమైనా అదుపు తప్పాయా?" బీపీ, షుగర్ అడిగినంత మామూలుగా. నేను ఏడ్చేశాను. ఆ పిల్ల వయసు మా చెల్లెలి వయసు, ఎక్కడున్నా చల్లగా ఉండాలి. పెద్ద డాక్టరు మందు తగ్గించి, తర్వాత ఆపించారు. ముక్కు గుండా ఆపరేషన్ చేశారు. కొన్ని వారాల్లో అదుపు తప్పిన ఆ కోరిక దిగిపోయింది. మీరు ఇదే మాత్ర వేసుకుంటుంటే ఇది చదివి మీ అంతట మీరు ఆపకండి, డాక్టరుకు చెప్పండి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నుంచి అమల్లో ఉన్న జబ్బుల జాబితాలో అదుపు తప్పిన లైంగిక ప్రవర్తనను కూడా చేర్చిందని ఆ డాక్టరమ్మే చెప్పింది. తప్పు చేస్తున్నామన్న బాధ ఒక్కటే ఉంటే అది జబ్బు కిందికి రాదట. ఆ మాట నాకు చాలా నచ్చింది.

కోలుకుంటున్నప్పుడు బెంగళూరులో ఉన్న స్నేహితుడు 'షేమ్' చూడమన్నాడు. 2011లో వచ్చిన ఇంగ్లీషు సినిమా, తీసింది స్టీవ్ మెక్‌క్వీన్ (పాత హాలీవుడ్ హీరో కాదు, అదే పేరున్న బ్రిటిష్ దర్శకుడు). న్యూయార్క్‌లో మంచి ఉద్యోగం, అందగాడు, ఒళ్లంతా కండలు. మైకేల్ ఫాస్‌బెండర్ వేశాడు. ఇష్టపడ్డ అమ్మాయి దగ్గర అతని ఒళ్లు సహకరించదు, ముక్కూ మొహం తెలియని వాళ్లతో మాత్రం ఆగదు. ఇంట్లోని బూతు పుస్తకాలూ లాప్‌టాప్ చెత్త సంచుల్లో కుక్కి పారేస్తాడు. చివర్లో ఇద్దరు ఆడవాళ్ల మధ్య ఉన్నప్పుడు అతని మొహం చూడండి. పన్ను నొప్పితో ఉన్నవాడి మొహం అది. అప్పటిదాకా తెర మీద ఆ పని చేస్తున్న మగవాడికి నొప్పి ఉంటుందని నేను చూసింది లేదు. అద్దాల ఫ్లాట్ వాడిది, రెండు గదుల పోర్షన్ నాది, అయినా వాడు నేనే అనిపించింది. ఒక్క ఫిర్యాదు ఉంది. అంత అందమైన ఒళ్లు పెట్టకుండా ఉండాల్సింది. నాలాంటి ఛాతీ ఉన్నవాడికీ ఇది వస్తుంది.

మే నెలలో మా అమ్మ మొక్కు తీర్చాను. మగవాళ్లు మొక్కుకుని ఆడవేషం వేసే మా తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరలో చీర కట్టి, పూలు పెట్టుకుని నడిచాను. ఊళ్లో ఆడవాళ్లను చెరిచిన పాలెగాణ్ణి అమ్మవారు వేషాలు మార్చి వెతికి చంపిందని కథ. ఆ జాతరలో జాకెట్టు తొడుక్కున్న మగవాణ్ణి చూసి ఎవరూ నవ్వరు. మా బామ్మర్ది నా పక్కనే చీరలో నడిచాడు, పైట జారుతుంటే నేనే పిన్ను పెట్టాను. నా భార్య మదనపల్లె నుంచి వచ్చింది. ఇంకా పూర్తిగా నమ్మలేదు, నమ్మమని నేనూ అడగలేదు.

మొన్న ఆ మొదటి డాక్టరు దగ్గరికి మళ్లీ వెళ్లాను. టోకెన్ తీసుకుని, మధ్యాహ్నం దాకా కూర్చుని, కాగితాలన్నీ బల్ల మీద పెట్టాను. "రేర్ అండీ" అన్నాడు, ఈసారి 'అండీ' చేర్చి. "ఆ మాత్ర రాసే ప్రతి ఒక్కరికీ ముందే చెప్పండి సార్" అన్నాను. "చూద్దాం" అన్నాడు. బయట కౌంటర్లో నా ఫీజు మాత్రం తీసుకున్నారు.