కొండ ప్రసాదం, నా లోపలి తిట్లు

తిరుపతిలో కాపురముంటూ తీపి తగ్గించుకోవడం మాటలు కాదు. ఎవరు కొండకెళ్లొచ్చినా లడ్డు తెచ్చిస్తారు, ప్రసాదం వద్దనకూడదు. చిన్న లడ్డే 175 గ్రాములాయె. షుగర్ అంచుదాకా వచ్చిందని డాక్టర్ చెప్పినాక లడ్డు తిన్న ప్రతిసారీ లోపల తిట్లు మొదలయ్యేవి. "నీకు నోటి మీద అదుపే లేదే" అనుకునేదాన్ని. కాసేపటికి "ఎట్లాగూ ఈరోజు చెడింది, రేపట్నించి చూసుకుందాంలే" అనుకునేదాన్ని. ఆ రేపు వచ్చేలోపు బొరుగులు, మిక్చరు, పిల్లోడు వదిలేసిన చిత్రాన్నం అన్నీ లోపలికి పోయేవి. (పారేస్తే పాపమని మిగిలిందల్లా ఆడవాళ్ల చేత తినిపించే పద్ధతి ఎవరు పెట్టారో గానీ!)

డైటీషియన్ చార్టు ఇవ్వకముందే ఒక పని చెప్పింది: తిన్న తర్వాత నాలో నేను ఏమనుకుంటానో నోటుబుక్కులో రాయాలి. రాసింది చదివితే భయమేసింది. పక్కింటామెని ఆ మాటలంటే జన్మలో నా గడప తొక్కదు.

ఇది నా ఒక్కదాని తంతు కాదట. 1975లో హెర్మన్, మాక్ అనే పరిశోధకులు కాలేజీ అమ్మాయిలకి మిల్క్‌షేక్ తాగించి, తర్వాత ఐస్‌క్రీమ్ పెట్టారు. మామూలుగా తినేవాళ్లు మిల్క్‌షేక్ తాగితే ఐస్‌క్రీమ్ తగ్గించారు. ఎప్పుడూ నోరు కట్టుకునేవాళ్లేమో అది తాగినాకే ఇంకా ఎక్కువ తిన్నారు. 2007లో ఆడమ్స్, లియరీ డోనట్ తినిపించి, కొందరికి "అందరూ తినేదే, నిన్ను నువ్వు తిట్టుకోవద్దు" అని చెప్పారు. నోరు కట్టుకునే అమ్మాయిల్లో ఆ మాట విన్నవాళ్లు తర్వాత పెట్టిన మిఠాయిలు తక్కువ తిన్నారు. నాలుగు తిట్లు తిట్టుకుంటేనే దారికొస్తామని పెరిగినదాన్ని, నమ్మడానికి టైం పట్టింది.

"తిన్నావు, బాగుండింది. రాత్రికి సంగటి, ఆకుకూర పప్పు ఉంది కదా" అని పైకే చెప్పుకోవడం మొదలుపెట్టినా. మా అత్త వంటింట్లోకి తొంగిచూసి "ఎవురితో మే మాట్లాడతా ఉండావు?" అనింది.

పట్టుదల సంగతి వేరే. మరిది పెళ్లికి సన్నబడాలనుకున్నది పెళ్లితోనే పోయింది. ఎవరో చూస్తారని చేసేదాని కంటే మనకి మనంగా కోరుకున్నది ఎక్కువకాలం నిలుస్తుందని డెసీ, రయన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చెప్తారు. నేను కోరుకున్నది అలిపిరి మెట్లు. మొత్తం 3,550; ముందు గాలిగోపురం దాకా ఆయాసం లేకుండా ఎక్కితే చాలు.

ఇప్పుడు లడ్డు వస్తే ముక్కలు చేసి ఇంటిల్లిపాదికీ పంచి, నా ముక్క కూర్చుని తింటా. ఒక్కోరోజు రెండు ముక్కలు. ఆ రోజు కూడా రాత్రి సంగటి మానను. సాయంత్రం ఆకలి మాత్రం ఇంకా నా మాట వినడంలేదు. దానికి ఉడకబెట్టిన చెనక్కాయలు పెట్టి చూడమంది డైటీషియన్.